నటీమణి సౌందర్య: అల్పాయువు, అక్షీణకీర్తి



మన సంఘసంచికకు చరిత్రవ్యాసమొకటి వ్రాయుమని కార్యదర్శిగారు కోరగా, నేను చలనచిత్రనటి సౌందర్యను గూర్చి వ్రాయ బూనితిని. ఆమె మన కులమున బుట్టలేదు, తెలుగునాటను బుట్టలేదు. ఆమె కుటుంబము కన్నడదేశమందలి కోలారు ప్రాంతమునది. తండ్రి సత్యనారాయణగారు కన్నడ చిత్రరంగమున రచయిత, నిర్మాత. అయినను ఆమె మరణవార్త వచ్చిన నాడు మా సీతమ్మధారలో ఆమె కులమేదని యడిగినవారు నాకు గానరాలేదు. ఇంటి పడుచును గోల్పోయినట్లు స్త్రీలు కన్నీరు పెట్టిరి. ఈ బంధుత్వమెట్లు కలిగెను?

వైద్యవిద్యను నడుమ విడిచి ఆమె 1992లో కన్నడ చిత్రములందును, 1993లో ‘మనవరాలి పెళ్లి’తో తెలుగునందును ప్రవేశించెను. పండ్రెండేండ్లలో నూటికి మించిన చిత్రములందు నటించెను.

భరతముని అభినయమును ఆంగిక, వాచిక, ఆహార్య, సాత్త్వికములని నాలుగుగా విభజించెను. సౌందర్య తెలుగు చిత్రములు పెక్కింట వినవచ్చు కంఠము ఆమెది కాదు. గాత్రదానము చేసినవారు వేరు. అనగా వాచికము పరులది. వేషమునందును ఆడంబరము తక్కువ. ఆమెను నిలిపినది సాత్త్వికమే యని నా తలంపు. కోడి రామకృష్ణగారి ‘అమ్మోరు’ (1995) చూడుడు. అమ్మవారు బాలికరూపమున ఇంట నిలిచియున్నను ఎరుంగని భవాని చూపులో భయము, నమ్మిక యేకకాలమున గానవచ్చును. అమ్మవారి పండుగల నడుమ పెరిగిన మా విశాఖవారికి అది నటన యని తోచలేదు. కృష్ణవంశీగారి ‘అంతఃపురం’ (1998) అంతకు మిన్న. కక్షలతో మండు మామగారి యింటినుండి పసివానిని దక్కించుకొన బెనగు తల్లి పాత్రమది. హాస్యచిత్రములందలి సౌందర్యనే మెచ్చు మిత్రులు నాకు గలరు. వారితో నేను వాదింపను.

గిరీశ్ కాసరవల్లి దర్శకత్వమున ఆమె స్వయముగా నిర్మించి నటించిన కన్నడ చిత్రము ‘ద్వీప’ 2001 సంవత్సరమునకు జాతీయ ఉత్తమచిత్రముగా స్వర్ణకమలము బొందెను. ఆనకట్ట నీట మునుగుచున్న యూరును విడువని కుటుంబపు కథ యది.

2004 ఏప్రిల్ 17వ తేదీన, ఎన్నికల ప్రచారమునకై కరీంనగరమునకు బయలుదేరిన చిన్న విమానము బెంగుళూరు జక్కూరునుండి లేచిన కొలది క్షణములకే కూలెను. ఆమెయు, అన్న అమరనాథ్‌గారును, మరి యిద్దరును మరణించిరి. ఆమెకు ముప్పది రెండేండ్లు నిండలేదు. వివాహమై వత్సరమైనను గాలేదు.

బాలకృష్ణగారు తలపెట్టిన ‘నర్తనశాల’లో ఆమెది ద్రౌపదీపాత్రము. 1963 నాటి ‘నర్తనశాల’లో సావిత్రిగారు ధరించిన పాత్రమే. ఆమె మరణముతో చిత్రము ఆగెను. తీసినంత భాగము, సుమారు పదునేడు నిమిషములు, 2020 విజయదశమికి అంతర్జాలమున వెలువడెను. మా మనుమరాలు చరవాణిలో దానిని నాకు జూపెను. ఆ పిల్ల పుట్టునప్పటికే సౌందర్య లేదు. కన్నులద్దము సవరించుకొని నేను ముఖమును పోల్చుకొనులోపలనే, “తాతయ్యా, అమ్మోరులో భవాని!” యనెను.