కరువుసీమ నీటి వాటాలు: శ్రీబాగ్ నుండి బచావత్ వరకు న్యాయమైన పంపకం

వ్యాస సంగ్రహం: కర్నూలు, కడప ప్రాంతాల నీటి వాటాల చరిత్రను సహకార క్రీడా సిద్ధాంతంలోని పంపక సూత్రాల సాయంతో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఏ సూత్రంతో పంచారన్నదాని కంటే, హక్కుదారుల పట్టికలో ఎవరిని ఎంతకు చేర్చారన్నదే రాయలసీమ విషయంలో నిర్ణాయకమైందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: శ్రీబాగ్ ఒడంబడిక, కె.సి. కాలువ, తుంగభద్ర, బచావత్ ట్రిబ్యునల్, పంపక సూత్రాలు.

హక్కు ముందు, పంపకం తరువాత

పంపకాన్ని గురించిన శాస్త్రచర్చ తెలుగుకు కొత్త కాదు. 13వ శతాబ్దంలోనే కేతన మితాక్షరను ‘విజ్ఞానేశ్వరీయము’గా తెలుగు చేశాడు. మితాక్షర సంప్రదాయంలో పిత్రార్జితంపై కొడుకుకు హక్కు పుట్టుకతోనే వస్తుంది. విభాగం ఆ హక్కును వేరుచేసి చూపుతుందే కాని కొత్తగా కల్పించదు. నీటి పంపకాలకు వచ్చేసరికి చిక్కంతా ఇక్కడే ఉంది. పుట్టుకతో వచ్చే హక్కు నదికి ఎవరు వారసులని చెబుతుంది?

క్రీడా సిద్ధాంతంలో సహకార శాఖ ఈ ప్రశ్న తరువాతి మెట్టు నుండి మొదలవుతుంది. ఒప్పందానికి రాగల పక్షాలు కలిసి సాధించిన లాభాన్ని గాని, కలిసి భరించవలసిన లోటును గాని ఎట్లా పంచుకుంటే న్యాయమన్నది దాని విచారణ. లాయిడ్ షాప్లీ తన ‘విలువ’ భావనను 1953లో ప్రకటించాడు, ఆంధ్రరాష్ట్రం ఏర్పడిన సంవత్సరమది. డేవిడ్ ష్మైడ్లర్ ‘న్యూక్లియోలస్’ భావన వెలువడిన 1969లోనే కృష్ణా జలాల ట్రిబ్యునల్ ఏర్పడింది. ఇవి పంచాంగపు పొంతనలు మాత్రమే, వీటికి అంతకు మించిన అర్థం వెతకనక్కరలేదు.

శ్రీబాగ్: ఎంపిక సీమది

1937 నవంబరు 16న మద్రాసులో, కాశీనాథుని నాగేశ్వరరావు నివాసమైన శ్రీబాగ్‌లో కుదిరిన ఒడంబడికను సాధారణంగా రాజకీయ పత్రంగానే చదువుతాం. భోగరాజు పట్టాభి సీతారామయ్య, కొండా వెంకటప్పయ్య, కడప కోటిరెడ్డి, కల్లూరి సుబ్బారావు వంటివారు పాల్గొన్న ఆ ఒడంబడికలో రెండు వేర్వేరు పంపక సూత్రాలున్నాయి.

మొదటిది విడదీయరాని వస్తువులకు సంబంధించింది. రాజధాని, హైకోర్టు ఒకేచోట ఉండకూడదు. ఒకటి కోస్తాలో, ఒకటి రాయలసీమలో ఉండాలి. ఏది కావాలో ఎంచుకునే అవకాశం సీమది. ఒకరు కోయగా మరొకరు ఎంచుకునే పాత పద్ధతికి ఇది దగ్గరి చుట్టం. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధాని అయింది, హైకోర్టు గుంటూరుకు వెళ్ళింది. 1956 నవంబరు 1 నుండి రెండూ హైదరాబాదుకు చేరాయి. ఎంచుకున్న పాలు మూడేళ్ళకే చేజారింది.

రెండవది నీటిది. తుంగభద్ర, కృష్ణ, పెన్నా నదుల అభివృద్ధిలో పదేళ్ళు, అవసరమైతే అంతకు మించి, రాయలసీమకు, నెల్లూరుకు ప్రాధాన్యం ఉండాలన్నారు. పంపకం ప్రశ్న వచ్చినప్పుడు వీటి అవసరాలే ముందు తీరాలన్నారు. అంటే ఇక్కడ హక్కుకు ఆధారం అవసరం.

బచావత్: ఆధారం మారింది

1973లో నివేదిక ఇచ్చి 1976లో తుది రూపమిచ్చిన బచావత్ ట్రిబ్యునల్ వేరే ఆధారాన్ని ఎంచుకుంది. 1960 సెప్టెంబరు నాటికి నడుస్తున్న, చేపట్టిన ప్రాజెక్టుల వినియోగానికి రక్షణ కల్పించింది. రాష్ట్రాల తగవులో ఇది అసమంజసం కాదు. ఉన్న ఆయకట్టును ఎండగట్టి కొత్త ఆయకట్టుకు నీరివ్వడం ఎవరూ ఒప్పుకోరు. అయితే శ్రీబాగ్ ఒకే రాష్ట్రంలోని రెండు ప్రాంతాల పెద్దమనుషుల మాట, ట్రిబ్యునల్ ముందు నిలిచినవి రాష్ట్రాలు. ఆ తేదీకి కాలువ లేని ప్రాంతానికి చూపడానికి వినియోగమే లేదు. ఆంధ్రప్రదేశ్‌కు దక్కిన 800 టి.ఎం.సి.లలో కృష్ణా డెల్టాకు 181.2 ఉండగా, సీమలోని మూడు ప్రధాన కాలువలకు, అంటే తుంగభద్ర ఎగువ కాలువకు 32.5, దిగువ కాలువకు 29.5, కె.సి. కాలువకు 39.9, కలిపి 101.9 వచ్చాయి. తరువాత తలపెట్టిన హంద్రీ-నీవా, గాలేరు-నగరి పథకాలు మిగులు జలాలను నమ్ముకోవలసి వచ్చింది.

కె.సి. కాలువకు అంత వాటా రావడానికి కారణం దాని వయసే. నౌకాయానానికీ సేద్యానికీ కలిపి 1860 దశకంలో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తవ్వించిన కాలువ అది. కంపెనీ నష్టపోగా 1882లో ప్రభుత్వం కొనుగోలు చేసింది. ఒక విదేశీ కంపెనీ విఫల వ్యాపారం సీమకు మిగిల్చిన అతి బలమైన నీటి హక్కు ఇదే కావడం చరిత్రలోని వింత.

లోటు సంవత్సరం

తుంగభద్ర జలాశయంలో నీరు తగ్గిన ఏట తుంగభద్ర బోర్డు కేటాయింపుల నిష్పత్తిలో కోత వేస్తుంది. ఇది తప్ప మరో దారి లేదన్నట్టు మాట్లాడటం మనకు అలవాటైంది. ఉదాహరణకు ఆ జలాశయం నుండి ఎగువ కాలువకు 32.5, దిగువ కాలువకు 29.5, కె.సి.కి 10, మొత్తం 72 టి.ఎం.సి.లు రావలసి ఉండగా 24 మాత్రమే ఉన్నాయనుకుందాం. నిష్పత్తి ప్రకారం వరుసగా 10.83, 9.83, 3.33 వస్తాయి. రాబడి సమానంగా ఉండాలంటే తలా 8. నష్టం సమానంగా ఉండాలంటే 13.5, 10.5, సున్న; చిన్న హక్కుదారు పూర్తిగా ఎండిపోతాడు. పాతదానికే ముందు అంటే కె.సి.కి పదికి పది దక్కి, మిగతా 14ను రెండు కాలువలు పంచుకోవాలి.

యూదుల ప్రాచీన ధర్మగ్రంథం తాల్ముద్‌లో అప్పులకు చాలని ఆస్తిని పంచే ఒక చిత్రమైన పద్ధతి ఉంది. అది న్యూక్లియోలస్‌తో సరిపోతుందని రాబర్ట్ ఔమన్, మైకేల్ మాష్లర్ 1985లో నిరూపించారు. సగానికి మించి లోటున్నప్పుడు అందరికీ సమానంగా ఇస్తూ పోతారు, కాని ఎవరికీ వారి హక్కులో సగానికి మించనివ్వరు. దాని ప్రకారం కె.సి.కి 5, మిగిలిన రెండింటికి చెరి 9.5. చిన్న వాటాదారును కాపాడుతూనే పెద్దవారిని ముంచని ఈ పద్ధతి కరువు సంవత్సరాలకు నిష్పత్తి కంటే తగినదని నా అభిప్రాయం. కాని గమనించవలసింది మరొకటుంది. ఏ సూత్రం వాడినా 32.5, 29.5, 10 అన్న అంకెలు మారవు. పట్టికలో పేరు లేని మెట్ట గ్రామానికి అన్ని సూత్రాలూ ఇచ్చేది సున్నే.

మార్పిడి

లోటును పంచుకోవడం సహకారంలో ఒక ముఖం మాత్రమే. కె.సి. కాలువకు శ్రీశైలం వెనుక జలాలను ముచ్చుమర్రి ఎత్తిపోతల ద్వారా అందించవచ్చు. అట్లా అందితే తుంగభద్రలోని 10 టి.ఎం.సి.లను ఎగువ కాలువ మీదుగా అనంతపురం వైపు మళ్ళించే వీలుంటుంది. ఒంటరిగా ఏ పక్షానికీ లేని లాభం కలిస్తే పుడుతుంది. ఇద్దరే ఉన్న ఇటువంటి క్రీడలో షాప్లీ విలువ అదనపు లాభాన్ని చెరిసగం చేస్తుంది.

ఆచరణలో జరిగేది ఇది కాదు. లాభం అనంతపురానికి నీటి రూపంలో వెంటనే చేరుతుంది. శ్రీశైలం నిండని ఏట కలిగే నష్టం మాత్రం కె.సి. ఆయకట్టుపైనే, అందులోనూ కడప జిల్లాలోని చివరి భూములపైనే పడుతుంది. మార్పిడి ఒప్పందంలో నీటి పరిమాణం ఉంటే చాలదు. శ్రీశైలం నీరు అందని ఏట తుంగభద్ర వాటాలో ఎంత, ఏ నెలలోపు వెనక్కి రావాలో కూడా అందులో రాసి ఉండాలి.