కారు రంగుపై రక్షణ పూత

కారు రంగుపై రక్షణ పూత అనగా కర్మాగారంలో కారుకు వేసిన రంగు వెలిసిపోకుండా, దానిపై మరకలు, గీతలు పడకుండా అదనంగా వేసే పారదర్శకమైన పొర. మైనము, కృత్రిమ సీలెంటు, సిరామిక్ పూత, పాలీయురేథేన్ ఫిల్ము వీటిలో ముఖ్యమైన రకాలు. ఏ పూత తగినదన్నది కారు ధర కంటే కారు తిరిగే ఊరి ఎండ, ధూళి, నీటిపై ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. సముద్రతీరాన ఉన్న విశాఖపట్నంలో ఉప్పుగాలి ప్రధాన సమస్య కాగా, తెలంగాణలోని వరంగల్, హనుమకొండ, కాజీపేట త్రినగరిలో వేసవి ఎండ, రాతిధూళి, బోరునీటి కాఠిన్యం కారు రంగుకు ముఖ్యమైన శత్రువులు.

రంగు నిర్మాణం

నేటి కార్ల ఉక్కు రేకుపై రంగు ఒకే పొరగా ఉండదు. మొదట ఫాస్ఫేట్ పూత, దానిపై విద్యుత్తు సహాయంతో పట్టించే తుప్పునిరోధక పూత, తరువాత ప్రైమరు, దానిపై అసలు రంగునిచ్చే బేస్ కోటు, అన్నిటికంటే పైన రంగులేని క్లియర్ కోటు ఉంటాయి. అన్నీ కలిపి మందం సాధారణంగా 100 నుండి 150 మైక్రాన్లు మాత్రమే. మనిషి తలవెంట్రుక మందం 50 నుండి 100 మైక్రాన్ల వరకు ఉంటుందని గుర్తుచేసుకుంటే ఇది ఎంత పలుచనిదో తెలుస్తుంది. ఇందులో క్లియర్ కోటు వాటా సుమారు 35 నుండి 50 మైక్రాన్లు. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకొనే రసాయనాలు ఈ పొరలోనే ఉంటాయి.

గీతలు పోగొట్టడానికి యంత్రంతో పాలిష్ చేయడమంటే గీతను పూడ్చడం కాదు, గీత అడుగు వరకు చుట్టూ ఉన్న క్లియర్ కోటును అరగదీయడం. గట్టి పాలిష్ ఒకసారి చేస్తే కొన్ని మైక్రాన్ల పొర పోతుంది, అది తిరిగి రాదు. సిరామిక్ పూత వేసే ముందు పాలిష్ చేయడం ఆనవాయితీ కనుక, ఏడాదికొకసారి కొత్త పూత వేయించేవారు రక్షణ పేరుతో అసలు రక్షణ పొరనే పోగొట్టుకొనే ప్రమాదం ఉంది.

చరిత్ర

తొలినాటి కార్లకు నూనె వార్నిషును కుంచెతో వేసేవారు. అది ఆరడానికి వారాలు పట్టేది. 1920లలో అమెరికాకు చెందిన డ్యూపాంట్ సంస్థ, జనరల్ మోటార్స్ సహకారంతో త్వరగా ఆరే డ్యూకో అనే నైట్రోసెల్యులోజ్ లాకరును ప్రవేశపెట్టింది. ఆ వ్యాపారనామం తెలుగునాట బీరువాలకు, వాహనాలకు స్ప్రేతో వేసే రంగుకు సాధారణ నామంగా స్థిరపడి, డ్యూకో పెయింటింగ్ అన్న మాటగా నేటికీ వినిపిస్తుంది. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కాలపు కార్లకు క్లియర్ కోటు ఉండేది కాదు. రుద్దితే గుడ్డకు రంగు అంటేది. ఈ పాత గుర్తు ఇప్పటికీ ఉపయోగపడుతుంది. మరమ్మతు తరువాత తిరిగి రంగు వేసిన భాగాన్ని పాలిష్ గుడ్డతో రుద్దినప్పుడు రంగు అంటితే, ఆ భాగానికి క్లియర్ కోటు వేయలేదని అర్థం.

వరంగల్ పరిస్థితులు

వరంగల్‌లో మే నెలలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటడం మామూలే. ఆ ఎండలో నిలిపిన నల్లకారు రేకు ఉష్ణోగ్రత 70 డిగ్రీలను కూడా దాటవచ్చు. వేప, రావి చెట్ల నీడన నిలిపితే ఎండ తప్పుతుంది గానీ పక్షుల రెట్టల బెడద మొదలవుతుంది. వేడెక్కిన క్లియర్ కోటు కొద్దిగా మెత్తబడి, రెట్టలోని ఆమ్లానికి లోబడుతుంది. ఉదయం పడిన రెట్ట సాయంత్రానికి చెరగని ముద్రగా మారడానికి కారణం ఇదే.

ఈ ప్రాంతం గ్రానైటు, నైస్ శిలల నేల. గ్రానైటులో ఉండే క్వార్ట్జ్ కాఠిన్యం మోహ్స్ కొలమానంలో 7. కిటికీ అద్దం కాఠిన్యం సుమారు 5.5 మాత్రమే. అందువల్ల కారుపై పేరుకున్న ధూళిని ఉదయాన్నే పొడిగుడ్డతో తుడిచే అలవాటు, సన్నని గరుకుకాగితంతో రుద్దడంతో సమానం. ఎండలో చూస్తే సాలెగూడు వలె వలయాకారంలో కనిపించే గీతలు చాలావరకు ఇలా ఏర్పడినవే. రెండేళ్ళకొకసారి జరిగే మేడారం సమ్మక్క సారలమ్మ జాతరకు వెళ్ళివచ్చిన కారును నీటితో తడపకుండా తుడిస్తే ఒక్కరోజులోనే ఈ నష్టం జరుగుతుంది. హైదరాబాదు నుండి వరంగల్ మీదుగా ములుగు వైపు సాగే 163వ నంబరు జాతీయ రహదారిపై ఇసుక, కంకర లారీల వెనుక ప్రయాణించే కార్ల బంపరు, బానెట్ అంచులకు రాళ్ళదెబ్బలు తగులుతుంటాయి.

మూడవది నీరు. బోరునీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉంటే, కడిగిన కారు ఎండలో ఆరినపుడు నీరు ఆవిరై తెల్లని చుక్కలు మిగులుతాయి. కుళాయిద్వారా వచ్చే శుద్ధిచేసిన చెరువు, నది నీటితో ఈ బాధ సాధారణంగా తక్కువ.

రకాలు

మైనము: బ్రెజిల్ దేశంలో పెరిగే ఒక జాతి తాటిచెట్టు ఆకులనుండి తీసే కార్నాబా మైనము వీటిలో ప్రసిద్ధమైనది. ఇది సుమారు 82 నుండి 86 డిగ్రీల మధ్య కరుగుతుంది. మంచి మెరుపునిస్తుంది గానీ, వరంగల్ వేసవిలో కొన్ని వారాలకు మించి నిలవడం కష్టం. ధర తక్కువ, ఇంటివద్ద చేతితో వేసుకోవచ్చు.

సీలెంటు: కృత్రిమ పాలిమర్లతో తయారయ్యే ఈ పూత కొన్ని నెలలు ఉంటుంది. భారతదేశంలో టెఫ్లాన్ కోటింగ్ పేరుతో విస్తృతంగా అమ్ముడైనది ఈ కోవకు చెందినదే. 1938లో కనుగొన్న టెఫ్లాన్ 327 డిగ్రీల వద్ద కరిగే పదార్థం. వంటపాత్రకు దానిని పట్టించాలంటే అంతకంటే ఎక్కువ వేడి కావాలి. కారు రంగు ఆ వేడికి తాళలేదు. కనుక కారుపై వేసేది పెనంపై ఉండే పూత వంటిదన్న ప్రచారంలో నిజం లేదు.

సిరామిక్ పూత: సిలికా ఆధారిత ద్రవాన్ని పలుచగా రాస్తే అది రంగుతో బంధం ఏర్పరచుకొని గట్టిపడుతుంది. మందం సుమారు ఒకటి రెండు మైక్రాన్లే. రెట్టలు, చెట్లజిగురు, తేలికపాటి ఆమ్లాలనుండి మంచి రక్షణ ఇస్తుంది, కడగడం సులువవుతుంది. ప్రకటనలలో కనిపించే 9హెచ్ కాఠిన్యం మోహ్స్ కొలమానానికి చెందినది కాదు, పెన్సిళ్ళతో గీసి చూసే పరీక్షకు చెందినది. 9హెచ్ పెన్సిలుకు గీతపడని పూతపై కూడా క్వార్ట్జ్ రేణువు సులభంగా గీత పెట్టగలదు.

దీనిపై నీటిబొట్లు తామరాకుపై వలె ముత్యాలుగా నిలుస్తాయి. తామరాకుపై నీటిబొట్టు ఆకును తాకే కోణం 150 డిగ్రీలు దాటుతుంది గనుక అది దొర్లిపోతూ ధూళిని కూడా తీసుకుపోతుంది. సిరామిక్ పూతపై ఆ కోణం సాధారణంగా 100 నుండి 110 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. చదునైన బానెట్‌పై ఆ బొట్టు కదలక అక్కడే ఆరుతుంది. బోరునీరైతే ప్రతి బొట్టూ ఒక తెల్లని వలయాన్ని మిగులుస్తుంది. వెంటనే మెత్తని మైక్రోఫైబరు గుడ్డతో నీటిని అద్దలేనివారికి సిరామిక్ పూత కొత్త చిక్కు తెచ్చిపెట్టవచ్చు.

ఫిల్ము: థర్మోప్లాస్టిక్ పాలీయురేథేన్‌తో చేసిన ఈ పారదర్శక పొర మందం సుమారు 150 నుండి 200 మైక్రాన్లు. వియత్నాం యుద్ధకాలంలో హెలికాప్టర్ల రెక్కలను ఇసుక దెబ్బల నుండి కాపాడడానికి వాడిన ఫిల్ములనుండి ఇది అభివృద్ధి చెందింది. రాళ్ళదెబ్బలను తట్టుకోగలిగినది పై నాలుగింటిలో ఇది ఒక్కటే. నాణ్యమైన ఫిల్ముపై పడిన సన్నని గీతలు ఎండవేడికి తమంతట తామే పూడుకుంటాయి, లోతైనవి పూడవు. నాసిరకం ఫిల్ము ఎండకు పచ్చబడుతుంది. మరమ్మతు రంగు వేసిన భాగంనుండి దీనిని తీసేటపుడు రంగు కూడా ఊడిరావచ్చు. పూర్తి కారుకు వేయిస్తే ఖర్చు తరచుగా లక్ష రూపాయల స్థాయికి చేరుతుంది.

ఎంపిక

ఊరిలోనే తిరుగుతూ నీడలో నిలిపే తెల్లకారుకు ఆరు నెలలకొకసారి సీలెంటు సరిపోతుంది. తెలుపుపై గీతలు అంతగా కనిపించవు, వేడి కూడా తక్కువ. నలుపు, ముదురు నీలం, ఎరుపు కార్లు ఆరుబయట నిలిపేవారికి సిరామిక్ పూత వల్ల ప్రయోజనం ఎక్కువ. తరచుగా రహదారిపై ప్రయాణించేవారు కారంతటికీ కాకుండా బంపరు, బానెట్ ముందుభాగం, అద్దాల వెనుకభాగం, తలుపు పిడుల గుంటలకు మాత్రమే ఫిల్ము వేయించుకొంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఉంటుంది. ఏ పూత వేసినా ముందు ధారగా నీరు పోసి ధూళిని వదలగొట్టి, ఆ తరువాతే సబ్బునీటికి ఒక బకెట్టు, గుడ్డ జాడించడానికి మరొక బకెట్టు వాడి కడగడం తప్పనిసరి. పై పూతలేవీ కారు అడుగుభాగపు తుప్పును ఆపలేవు. దానికి వేసే పూత వేరు.

సిరామిక్ పూతకు వరంగల్‌లో నవంబరు నుండి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. మే నెల వేడిలో ద్రవం తుడిచేలోపే ఆరిపోయి మచ్చలు కడుతుంది. వేసిన తరువాత కనీసం ఒకరోజు నీరు తగలరాదు, సుమారు వారంపాటు సబ్బుతో కడగరాదు. కొత్తకారును భద్రకాళి గుడివంటి ఆలయాలకు తీసుకువెళ్ళి వాహనపూజ చేయించే ఆచారం ఉన్నందున, పూజ ముగించి, పసుపు, కుంకుమ, కొబ్బరినీరు కడిగిన తరువాతే పూత వేయించడం మంచిది. కృత్రిమ రంగు కలిసిన కుంకుమ గట్టిపడని పూతలోకి ఇంకవచ్చు. దసరా ఆయుధపూజనాడు స్వస్తిక్ గుర్తును బానెట్‌కు బదులు అద్దంపై వేయిస్తే మరక బాధ ఉండదు. బానెట్‌పై కట్టిన బంతిపూల దండతో దూరప్రయాణం చేస్తే, గాలికి దండదారం రంగును ఒరుసుకుంటుంది.

అమ్మకం, పూచీ

కొత్తకారు కొనేటపుడు పూత ఖర్చును బిల్లులో కలిపి అమ్మడం సర్వసాధారణం. కారు అప్పుతో పాటు దీనికీ వడ్డీ పడుతుంది కాబట్టి, విడిగా ధర అడిగి నిర్ణయించుకోవడం కొనుగోలుదారుకు లాభం. మూడేళ్ళ, ఐదేళ్ళ పూచీ అన్న మాట వెనుక తరచుగా షరతులుంటాయి. నిర్ణీత వ్యవధిలో డబ్బు చెల్లించి నిర్వహణ చేయించుకోవాలని, నీటిచుక్కలు, రెట్టల మచ్చలు, గీతలు పూచీలోకి రావని పత్రంలో ఉండవచ్చు. అంటే ఏ నష్టానికి భయపడి పూత వేయించుకున్నారో దానికే పూచీ లేనట్లు. వాడిన పదార్థం పేరు, ఎన్ని పొరలు, ఏయే నష్టాలు పూచీలోకి రావు అన్నవి రాతపూర్వకంగా తీసుకోవాలి. వివాదం వస్తే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయడానికి ఆ పత్రం, రసీదు ఆధారమవుతాయి.

ప్రమాదం తరువాత తిరిగి రంగు వేయించిన కారుకు వెంటనే మైనం గానీ, ఫిల్ము గానీ వేయరాదు. కొత్త రంగులోని ద్రావకాలు పూర్తిగా ఆవిరి కావడానికి సమయం పడుతుంది. మామూలుగా కనీసం నెలరోజులు ఆగమని చెబుతారు. ఈలోగా శుభ్రమైన నీటితో కడిగి, నీడలో నిలిపితే చాలు.