ఐఏఎమ్ (అమెజాన్ వెబ్ సర్వీసెస్)

ఐఏఎమ్ (ఐడెంటిటీ అండ్ యాక్సెస్ మేనేజ్‌మెంట్) అనునది అమెజాన్ వెబ్ సర్వీసెస్ (ఏడబ్ల్యూఎస్) క్లౌడ్ కంప్యూటింగ్ వేదికలో వాడుకరుల అనుమతులను నిర్వహించే సేవ. ఒక సంస్థ అద్దెకు తీసుకున్న సర్వర్లు, నిల్వ స్థలాలు, నెట్‌వర్కులు మొదలైన వనరులపై ఎవరు ఏ పని చేయవచ్చునో ఇది నిర్ణయిస్తుంది. దీనికి ప్రత్యేక రుసుము లేదు.

చరిత్ర

ఏడబ్ల్యూఎస్ 2006లో ఎస్3 నిల్వ సేవను, ఈసీ2 సర్వర్ సేవను ప్రారంభించింది. తొలినాళ్ళలో ఒకే ఖాతాపై పలువురు పనిచేయాలంటే ఆ ఖాతా రహస్య వివరాలను అందరూ పంచుకోవలసి వచ్చేది. అందువలన ఏ పని ఎవరు చేశారో తెలుసుకోవడం కష్టమయ్యేది. ఈ లోపాన్ని సవరించడానికి ఐఏఎమ్‌ను 2010లో ప్రయోగాత్మకంగాను, 2011లో పూర్తి స్థాయిలోను విడుదల చేశారు.

దీని వెనుకనున్న భావన అంతకంటే పాతది. ప్రతి వాడుకరికీ తన పనికి అవసరమైనంత అధికారం మాత్రమే ఉండాలన్న 'కనీస అధికార సూత్రాన్ని' జెరోమ్ సాల్ట్‌జర్, మైకేల్ ష్రోడర్ అను శాస్త్రవేత్తలు 1975లో ప్రచురించిన వ్యాసంలో వివరించారు.

ముఖ్య భాగాలు

- మూల వాడుకరి (రూట్ యూజర్): ఖాతా తెరిచినపుడు ఏర్పడేది. ఖాతాపై సర్వాధికారాలు కలది. ఖాతాలో వ్రాసుకున్న ఐఏఎమ్ పాలసీలు దీనిని అడ్డుకోలేవు.
- వాడుకరి: ఖాతాలో పనిచేసే ఒక వ్యక్తికి గాని, ఒక ప్రోగ్రాముకు గాని ఇచ్చే గుర్తింపు.
- సమూహం: ఒకే రకమైన పని చేసే వాడుకరుల సముదాయం. సమూహానికి ఇచ్చిన అనుమతులు సభ్యులందరికీ వర్తిస్తాయి.
- పాత్ర (రోల్): ఏ ఒక్కరికీ శాశ్వతంగా చెందనిది. అర్హత గల వ్యక్తి గాని, సర్వర్ గాని దీనిని తాత్కాలికంగా ధరిస్తారు. గడువు తీరగానే ఆ అధికారం ముగుస్తుంది.
- పాలసీ: అనుమతులను, నిషేధాలను జేసన్ రూపంలో వ్రాసిన పత్రం.

నిర్ణయ విధానం

ఐఏఎమ్‌లో మూల వాడుకరికి తప్ప మిగిలినవారికి మొదట ఏ అనుమతీ ఉండదు. పాలసీలో స్పష్టంగా అనుమతించిన పనులు మాత్రమే చేయవచ్చు. ఒక పాలసీ అనుమతించిన పనిని మరొక పాలసీ నిషేధించినచో నిషేధమే చెల్లుతుంది. ఉదాహరణకు, నెట్‌వర్కు విభాగపు సమూహానికి నెట్‌వర్కుపై అన్ని అనుమతులూ ఇచ్చి, తొలగింపును మాత్రం వేరొక పాలసీలో నిషేధిస్తే, ఆ సభ్యులెవ్వరూ నెట్‌వర్కును తొలగించలేరు.

నెట్‌వర్కు వడపోత వేరు, ఐఏఎమ్ వేరు. సర్వర్‌కు ఏ చిరునామా నుండి సమాచారం రావచ్చునో 'సెక్యూరిటీ గ్రూపు' నిర్ణయిస్తుంది. ఆ సెక్యూరిటీ గ్రూపు నియమాలను మార్చే అధికారం ఎవరికున్నదో ఐఏఎమ్ నిర్ణయిస్తుంది.

ప్రాంతాలు

ఐఏఎమ్‌లో సృష్టించిన వాడుకరులు, పాత్రలు ఏదో ఒక ప్రాంతానికి పరిమితం కాక ఖాతా అంతటికీ వర్తిస్తాయి. ఏడబ్ల్యూఎస్ 2022 నవంబరులో హైదరాబాదు ప్రాంతాన్ని ప్రారంభించింది. ఇది ఖాతాలో ముందుగా తెరిచి ఉండదు. తగిన అనుమతి గలవారు దీనిని ఖాతాలో చేతనం చేసిన పిమ్మటే ఇక్కడ సర్వర్లు నెలకొల్పవచ్చు.

భద్రతా వైఫల్యాలు

2014లో ప్రోగ్రాముల మూలపాఠాన్ని భద్రపరచే కోడ్ స్పేసెస్ అను సంస్థ ఏడబ్ల్యూఎస్ నియంత్రణ ఫలకంలోకి ఒక దుండగుడు ప్రవేశించి డబ్బు డిమాండ్ చేశాడు. సంస్థ తన ఖాతాను తిరిగి స్వాధీనం చేసుకోబోగా సమాచారంలో అధిక భాగాన్ని, నకళ్ళతో సహా తొలగించాడు. ఆ సంస్థ మూతపడింది.

2019లో అమెరికాకు చెందిన క్యాపిటల్ వన్ బ్యాంకు నుండి అమెరికాలో సుమారు 10 కోట్ల మంది, కెనడాలో సుమారు 60 లక్షల మంది వివరాలు అపహరణకు గురయ్యాయి. సరిగా అమర్చని ఫైర్‌వాల్ ద్వారా చొరబడిన వ్యక్తికి ఒక పాత్ర తాలూకు తాత్కాలిక తాళాలు చిక్కాయి. ఆ పాత్రకు నిల్వ స్థలాలను చదివే అనుమతి ఉండడమే నష్టాన్ని ఇంతగా పెంచింది. 2020లో ఆ బ్యాంకుకు అమెరికా నియంత్రణ సంస్థ 8 కోట్ల డాలర్ల జరిమానా విధించింది.

పాటించవలసిన పద్ధతులు

- మూల వాడుకరిని రోజువారీ పనులకు వాడరాదు. దానికి సంకేతపదంతో పాటు రెండవ అంచె ధ్రువీకరణ ఉండాలి.
- శాశ్వత తాళాలకు బదులు పాత్రలను వాడడం మేలు.
- ఉపయోగించని అనుమతులను, వెళ్ళిపోయినవారి ఖాతాలను ఎప్పటికప్పుడు తొలగించాలి.
- నకళ్ళను వేరొక ఖాతాలో భద్రపరచాలి.
- ఎవరు ఏ పని చేశారో నమోదు చేసే క్లౌడ్‌ట్రెయిల్ చిట్టాలను పరిశీలిస్తుండాలి.

ఇవి కూడా చూడండి

- క్లౌడ్ కంప్యూటింగ్
- కంప్యూటర్ భద్రత
- సంకేతపదం