స్లీవ్‌మోర్

ఐర్లండ్ పడమటి తీరాన, మేయో కౌంటీలోని అకిల్ ద్వీపంలో ఉన్న టౌన్‌ల్యాండ్. టౌన్‌ల్యాండ్ అంటే అక్కడి భూమి లెక్కల్లో అతి చిన్న విభాగం; ఐర్లండ్‌లో ఇవి 60,000 పైచిలుకు. ఐరిష్ భాషలో ‘ష్లీవ్’ అంటే కొండ, ‘మోర్’ అంటే పెద్ద. సుమారు 670 మీటర్ల ఎత్తున్న ఆ పెద్దకొండ దక్షిణపు వాలులో ఒక మైలు పొడవునా 80 నుంచి 100 దాకా రాతి ఇళ్ల మొండిగోడలు నిలిచి ఉన్నాయి.

ఈ ఊరు మూడు వాడలు. తూర్ అంటే పశువులు మేసే బీడు, తూర్ రియవాఖ్ అంటే చారల బీడు, ఫాహా అంటే పచ్చిక బయలు. పంటల పేరు ఒక్కదానికీ లేదు. ఇక్కడి బతుకు పశువుల చుట్టూ తిరిగిందనడానికి ఇళ్లే సాక్ష్యం. సున్నం లేకుండా పేర్చిన గోడలు, ఒకటే గది. లోపల ఒక కొసన పశువులను కట్టేసేవారు, రెండో కొసన మనుషులు పడుకునేవారు. గాలికి కప్పు ఎగిరిపోకుండా మోకులు బిగించడానికి గోడల్లోంచి రాళ్లు పొడుచుకొచ్చి ఉంటాయి. బయట, బంగాళాదుంపలు వేసిన బోదెలు నేటికీ పచ్చికలో గీతల్లా కనిపిస్తాయి.

ఇక్కడి రైతులు భూమిని ఉమ్మడిగా కౌలుకు తీసుకుని, మంచి నేలా చెడ్డ నేలా అందరికీ వచ్చేలా చీలికలుగా పంచుకునేవారు. 1845లో బంగాళాదుంపకు తెగులు సోకి కరువు వచ్చింది. ఆకలి, కౌలుదార్ల గెంటివేతలు, వలసలు ఊరిని ఖాళీ చేశాయి. మిగిలినవారిలో చాలామంది చేపల వేటతో బతకడానికి సముద్రపు ఒడ్డున ఉన్న డూయా గ్రామానికి దిగిపోయారు. ఆ తర్వాత కూడా వేసవిలో పశువులను తోలుకొచ్చి ఈ పాత ఇళ్లలోనే ఉండే అలవాటు 1940ల దాకా సాగింది.

నివాసుల పేర్లు తెలిసేది ప్రధానంగా 19వ శతాబ్దం మధ్యలో జరిగిన గ్రిఫిత్ భూమి మదింపు వల్లే. అందులో ఉన్నది కౌలుదారు పేరు మాత్రమే. ఆ ఇంటి ఆడవాళ్లూ పిల్లలూ దాదాపు లేరు. ఆనాటి జనగణన పత్రాల్లో అధికభాగం 1922లో డబ్లిన్‌లో కాలిపోవడం పూడ్చలేని నష్టం. జర్మన్ రచయిత హైన్రిక్ బోల్ 1957 నాటి తన ఐర్లండ్ యాత్రా గ్రంథంలో ఈ ఊరి కోసం ఒక అధ్యాయమే కేటాయించాడు. 1991 నుంచి పురావస్తు విద్యార్థులు ఈ ఇళ్ల నేలలను తవ్వి పరిశీలిస్తూ వచ్చారు.