శాఖానగర గృహవాసము: మాంబలపు చెఱువు చెప్పు చరిత్ర

మూలనగరము గాక దానికి వెలుపల వేఱుగా వెలసిన పురమునకు అమరసింహుడు శాఖానగరమని పేరు చెప్పినాడు. నేడు మనము కాలనీ యనియు, శివారు అనియు వ్యవహరించుదానికి ఇంతకంటె సార్థకమైన పదము లేదు. కొమ్మకు గాలియు వెలుతురును మ్రానికంటె నధికముగా లభించును. కాని వేరునుండి నీరందని కొమ్మ యెన్నినాళ్లు పచ్చగా నుండును? మన కులబాంధవులు పెక్కుమంది పల్లెలనుండి పట్టణములకును, పట్టణమధ్యమునుండి శివార్లకును నివాసములు మార్చుచున్నారు. మన సంఘము తరఫున నగరశివారున భూమి గొని గృహస్థలములుగా విభజింపవలెనను ప్రస్తావనయు ఈ మహాసభ ముందునకు రానున్నది. ఇట్టి సమయమున శాఖానగరముల పూర్వచరిత్రను కొంత స్మరించుట యుక్తమని తలచి యీ వ్యాసమును పాఠకమహాశయులకు సమర్పించుచున్నాము.

గృహక్రయము కొనువానికిని అమ్మువానికిని మాత్రమే సంబంధించిన వ్యవహారమని మన పూర్వులు తలపలేదు. శామశాస్త్రిగారు 1909లో మైసూరున ప్రకటించిన కౌటిలీయార్థశాస్త్రమున, మూడవ యధికరణమున, వాస్తువిషయము గలదు. ఇల్లు, పొలము, తోట, కట్ట, చెఱువు అను నివి యన్నియు నచ్చట వాస్తువను నొక్క పేరుక్రిందనే చేర్పబడినవి. ఇంటిని చెఱువునుండి వేఱుచేసి చూచుట యా గ్రంథకర్త యెఱుగడు. భూమి యమ్ముడుపోవునపుడు మొదట జ్ఞాతులకును, పిదప ఇరుగుపొరుగువారికిని, ఆపైని ఋణదాతలకును కొనుటకు అవకాశ మీయవలెననియు, ఇంటి విక్రయమును చుట్టుపట్ల నలువది కుటుంబములవారి యెదుట ఆ యింటిముందే చాటవలెననియు నందు విధింపబడినది. అనగా నొకని యిల్లు పదిమంది సాక్ష్యమున నిలుచునదని భావము.

ఇటీవలి కాలమున మనదేశమునందలి శాఖానగరములు విలాసార్థమై పుట్టినవి కావు. పెక్కు మారీభయమున పెరిగినవి. 1896లో బొంబాయిని ప్లేగు పట్టుకొనెను. గాలి వెలుతురు చొరని యిరుకు గదులలో క్రిక్కిఱిసి యుండుట ప్రమాదకరమని అధికారులు గ్రహించిరి. 1898లో చట్టముచే ఇంప్రూవుమెంటు ట్రస్టు ఏర్పడి, వెడల్పైన వీధులు తీయుటయేగాక దాదరు, మాటుంగా ప్రాంతములలో క్రొత్త పేటలు వేసెను. అదే 1898లో ప్లేగు బెంగుళూరునకు వచ్చెను. మల్లేశ్వరము, బసవనగుడి పేటలు వర్ధిల్లుటకు ఆ యుపద్రవము ముఖ్యకారణము. తిన్నని వీధులు, ఇంటిచుట్టు కొంత ఖాళీస్థలము, ఇంటివెనుక పాకీవారు వచ్చిపోవుటకు సన్నని సందు, ఇవి యా పేటల లక్షణములు. ఆ సందులలో నడచినవారి రెక్కలకష్టముమీదనే ఆ పేటల శుభ్రత నిలిచినదని మనము మఱవరాదు.

సరిగా ఆ 1898లోనే ఇంగ్లండున ఎబినేజరు హోవర్డు అను నతడు ఉద్యాననగరములనుగూర్చి తన గ్రంథమును ప్రకటించెను. 1903లో లెచ్‌వర్తు నగరమునకు ప్రారంభము జరిగెను. హోవర్డు వాదమున తోటలకంటె ముఖ్యమైన మాట యొకటి గలదు. నగరము పెరుగుటచే భూమివిలువ పెరుగును. ఆ పెరిగిన విలువ ఏ యొకనికో చేరక ఆ నగరవాసుల సామాన్యోపయోగమునకే వ్యయము కావలెనని యతని సిద్ధాంతము. తోటలమాటను లోకమంతయు గ్రహించినది. ఈ రెండవమాటను గ్రహించినవారు కొందఱే.

భూమిని సమష్టిగా నుంచుకొనుటకు మనదేశమున దారి చూపినవారిలో ఒక కులమువారుండుట మన సంఘసభ్యులు గమనింపదగినది. 1904 నాటి సహకారచట్టము ఋణసంఘములకు మాత్రమే యుద్దేశింపబడినది. 1912 చట్టము ఇతరవిధములైన సహకారసంఘములకును తలుపు తెఱచెను. రావు బహదూరు శ్రీపాద సుబ్రావు తల్మకిగారు బొంబాయిలోని సారస్వతులను సమకూర్చి 1906లో శ్యామరావు విఠలుగారి పేర సహకారబ్యాంకును, 1915లో గాందేవి ప్రాంతమున గృహసంఘమును నెలకొల్పిరి. అందు స్థలమును కట్టడమును సంఘమువి. సభ్యుడు వాటాదారుడు, తానే కిరాయిదారుడు. ఇల్లు లాభమునకు తిరుగవేయు సరకు గాక కాపురముండు చోటుగానే నిలుచుటకు ఈ పద్ధతి తోడ్పడినది. ఒంటరిగా నిల్లు గొనజాలని చిన్న యుద్యోగి, పదిమందితో గూడి కొనగలిగెను. కులాభిమానము పరస్పరవిశ్వాసముగా మాఱి, ఆ విశ్వాసము మూలధనమైనది. ఇది ప్రశంసింపదగిన చరిత్ర.

ఇక మన తెలుగువారికి సన్నిహితమైన మఱియొక చరిత్రను జూతము. చెన్నపట్టణమునకు పడమటి హద్దున నొకప్పుడు నుంగంబాకమునుండి సైదాపేట దిక్కుగా వంగిన పొడవైన చెఱువుండెడిది. ఆంగ్లేయులు దానిని లాంగు టాంకు అనిరి. నగరము పెరిగి నివాసములు చాలకుండెను. 1920లో మద్రాసు నగరనిర్మాణ చట్టము వచ్చెను. 1923లో మాంబలమువైపు చెఱువునీటిని తీసివేసి, ఆ గర్భమునందును పరిసరములందును క్రొత్తపేటను వేయనారంభించిరి. అదియే త్యాగరాయనగరము, జనవ్యవహారమున టీ నగరు.

ఈ పేరు పిట్టి త్యాగరాయ శెట్టిగారిది. 1852లో జన్మించి 1925లో కీర్తిశేషులైన ఈ మహనీయుడు దేవాంగకులమునందలి తెలుగువాడు. 1916లో జస్టిసు పార్టీని స్థాపించిన ముఖ్యులలో నొకడు. 1920లో ప్రధానమంత్రిపదవి తనను వెదకికొని రాగా వలదన్న నిరాడంబరుడు. నగరపాలకసంఘమునకు అధ్యక్షుడై యుండి బీదబాలురకు పాఠశాలలో మధ్యాహ్నభోజనము పెట్టించినవాడు. ఉపాధ్యాయవృత్తిలో జీవితము గడపిన మాకు ఆయనయందు గల గౌరవమునకు ఈ భోజనమే మొదటి కారణము. పేట నడుమ నున్న పార్కు పానగల్ రాజావారి పేర వెలసినది. కాళహస్తిలో జన్మించిన పానగంటి రామరాయణింగారు సంస్కృతపండితులు. 1921 మొదలు 1926 వఱకు మద్రాసురాజధానికి ప్రధానమంత్రిగా నుండిరి. తక్కిన వీధులలో ఉస్మానుగారి పేరు ముసల్మానుది. నాయరుగారి పేరు మలయాళిది. నటేశముదలియారుగారి పేరు తమిళునిది. ఒక్క పేటలో ఇన్ని కులముల, ఇన్ని భాషల, ఇన్ని మతముల పేర్లు ప్రక్కప్రక్కల నిలిచియున్నవి.

1931లో బీచి స్టేషనునుండి తాంబరము వఱకు విద్యుద్రైళ్లు నడువసాగెను. మాంబలమున కాపురముండి చెన్నపట్టణములోని కచేరీకి ప్రొద్దుట పోయి సాయంకాలమునకు మరలి వచ్చుట సులభమయ్యెను. శాఖానగరజీవనము ఇట్లు సామాన్య గుమాస్తాకును అందినది. ఇంటిముందు నాలుగు పూలచెట్లు, పెరటిలో కరివేపచెట్టు, అరుగుమీద సాయంకాలపు మాటలు, పిల్లలు నడచిపోగల దూరమున బడి, వృద్ధులు కూర్చుండుటకు పార్కు. తెలుగు చలనచిత్రములు చెన్నపట్టణముననే నిర్మాణమైన దశాబ్దములలో ఘంటసాలవారును, నందమూరి తారకరామారావుగారును ఈ పేటలోనే కాపురముండిరి. చిత్తూరు నాగయ్యగారి విగ్రహము నేటికిని పానగల్ పార్కున నున్నది. పరరాష్ట్రమైనను అది తెలుగువారికి పుట్టినింటివలె నుండెను.

అయితే కథ యింతటితో ముగియలేదు. నివాసమునకై వేసిన పేట క్రమముగా అంగడిగా మాఱెను. నగలకొట్లును, పట్టుచీరల దుకాణములును పెరిగి, రంగనాథన్ వీధిలో పండుగనాళ్లయందు కాలు పెట్టుటకు చోటుండదు. భూమివిలువ పెరిగెను, పూలచెట్లున్న యిండ్లు అనేకము పడిపోయి అంతస్తుల మేడలు లేచెను. వాననీటికి దారి కావలెను గనుక మాంబలము కాలువ ఆ నీటిని అడయారునదికి చేర్చుచున్నది. కాని చెఱువు త్రాగు నీటిని కాలువ యెట్లు త్రాగగలదు? 2015 డిసెంబరు వానలలో చెన్నపట్టణమున మునిగిన పేటలలో పడమటి మాంబల మొకటి. అచ్చట నొక వీధిపేరు నేటికిని లేక్ వ్యూ రోడ్డు. చెఱువు పోయినను పేరు మిగిలినది. నీరును తన పూర్వస్థానమును మఱవలేదు.

నాటివారిని నిందించుట మా యుద్దేశము కాదు. ఇండ్లు లేని జనమునకు ఇండ్లు కావలసియుండెను. కాని అదే కాలమున హైదరాబాదులో జరిగినదానిని దీనితో పోల్చి చూడవలెను. 1908లో మూసీనది పొంగి వేలమందిని పొట్టన బెట్టుకొనెను. 1912లో నగరాభివృద్ధికి సిటీ ఇంప్రూవుమెంటు బోర్డు ఏర్పడెను. వఱదనాపుటకును త్రాగునీటికిని 1920లో ఉస్మాన్‌సాగరును, 1927లో హిమాయత్‌సాగరును పూర్తియయ్యెను. ఉస్మాన్‌సాగరు నిండిన మూడేండ్లకే మాంబలపు చెఱువు ఎండబెట్టబడినది. ఒకచోట నగరముకొఱకు చెఱువు కట్టిరి. మఱియొకచోట నగరముకొఱకు చెఱువు పూడ్చిరి. రెండింటి ఫలములును మన కన్నులయెదుట నున్నవి.

హైదరాబాదువారును ఆ పాఠమును చిరకాలము గుర్తుంచుకొనలేదు. పిమ్మటి దశాబ్దములలో శిఖము భూములు ప్లాట్లయి యమ్ముడుపోయెను. 2020 అక్టోబరు వానలకు చెఱువులక్రింది కాలనీలు నీట నానెను. 2024లో హైడ్రా యను సంస్థ యేర్పడి చెఱువుల హద్దులలోని కట్టడములను కూల్చుట యందఱును జూచినదే. ఇట్టి భూమిని తెలిసి యమ్మినవాడు సొమ్ముతో పోవును. తెలియక కొన్నవానికి దస్తావేజు మాత్రము చేత మిగులును.

మధ్యతరగతి గృహస్థునకు ఇల్లనగా నేమో లెక్కవేసి చూతము. నూటికి 9 వంతున వడ్డీకి 20 సంవత్సరముల గడువుతో లక్షరూపాయలు అప్పుచేసినవాడు నెలకు సుమారు 900 రూపాయల చొప్పున 240 నెలలు చెల్లింపవలెను. మొత్తము 2,16,000 రూపాయలగును. లక్షకే ఇట్లయిన, నలువది లక్షలకు నెలవాయిదా 36,000 రూపాయలు. అనగా నతడు తన యౌవనమును సగము ఆ యింటికి వ్రాసి యిచ్చుచున్నాడు. అట్టివాని యిల్లు శిఖమున నున్నదనియో, లింకు దస్తావేజు చాలదనియో, లేఅవుటున పార్కుగా చూపిన స్థలము మఱల ప్లాట్లుగా అమ్ముడుపోయినదనియో పదియేండ్లకు తెలియుట కంటె దుఃఖమేమున్నది? 2016 నాటి స్థిరాస్తిచట్టము, జనులు రెరా యనునది, కొనువారి సొమ్ములో నూటికి 70 వంతులు ఆ నిర్మాణమునకే ప్రత్యేకఖాతాలో నుంచవలెనని శాసించి కొంత రక్ష కల్పించినది. కాని చట్టము అడిగినవానికే తోడు వచ్చును. ఇ.సి.ని, గ్రామనక్షాను, చెఱువు ఎఫ్.టి.ఎల్. హద్దును ఒంటరిగా పరిశీలించుట చిన్న గృహస్థునకు కష్టము, సంఘమునకు సులభము.

ఇందువలన మేము గ్రహించిన సారమిది. ఇంటిని ఎవని సొమ్ముతో వాడు కొనుక్కొనగలడు. ఆ యింటిలోని సుఖమును మాత్రము ఒక్కడు కొనజాలడు. నీరు, నీడ, వీధి, బడి, మంచి పొరుగు, ఇవి పదిమంది కలసి నిలుపుకొనవలసినవి. ఇవి పోయినచో పాలరాతి మేడయు చెఱసాలయే.

కావున మహాసభవారికి మూడు విన్నపములు. మొదటిది: భూమి ధరను విచారించుటకు ముందు నీటిని విచారింపుడు. వాన యెచ్చటనుండి వచ్చి యెచ్చటికి పోవునో వర్షకాలమున స్వయముగా చూచి, పాతనక్షాతో సరిచూచి, అటుపిమ్మట బయానా యిండు. ఒక్క కుంటను పూడ్చి పదిప్లాట్లు పెంచు లాభమును మనము కోరరాదు. రెండవది: పార్కునకును, గ్రంథాలయమునకును, పాఠశాలకును మంచి స్థలమును ముందుగా విడిచి, మిగిలినదానినే ప్లాట్లుగా కొలువుడు. ఆ స్థలములను తిరిగి అమ్మరానివిధముగా రిజిస్టరు చేయింపుడు. దాతలగు పోషకులు తమ పేర్లను శాశ్వతముగా నిలుపదలచినచో, స్వాగతద్వారముకంటె చెట్లనీడ మేలైన చోటు.

మూడవది కొందఱికి రుచింపకపోవచ్చును. ఈ కాలనీ మనవారికి మాత్రమే యుండవలెనని కొందఱు పెద్దల యభిప్రాయము. చట్టము దీనికి పూర్తిగా అడ్డురాదు. ఒక జొరాస్ట్రియను గృహసంఘము తన సభ్యత్వమును పారసీకులకే పరిమితము చేసికొన్న నియమమును 2005లో సుప్రీముకోర్టు సమర్థించినది. అయినను చట్టము అనుమతించినదెల్ల శ్రేయస్కరము కాదు. మన పూర్వులు ఊళ్లలో ఏ వీధిలో ఇల్లు దొరకక తిరిగిరో మన ఇండ్లలోని వృద్ధులకు తెలియును. ఆ తలుపుల వెలుపల నిలిచినవారి మనుమలము, మనము మఱియొక తలుపు మూయుట తగునా? తల్మకిగారి సంఘమునుండి సమష్టిధనమును నేర్చుకొందము. త్యాగరాయనగర వీధులనుండి కలసి యుండుటను నేర్చుకొందము. స్థలములలో సగము మన సంఘములోని విధవలకును, చిన్నజీతగాండ్రకును సులభవాయిదాలపై నిచ్చి, తక్కిన సగమున ఏ కులమువారికైనను చోటీయవలెను. ఆ వీధులను ఊడ్చువారికిని, రాత్రి కావలికాయువారికిని అందులోనే కొన్ని యిండ్లు కేటాయింపవలెను.

కొమ్మ తనకొఱకే పూయదు. పండిననాడు పక్షులును బాటసారులును దానిక్రింద చేరుదురు. మన శాఖానగరము అట్టిది కావలెననియు, ప్రస్తావనను సభ్యులు తొందరపడక, కోపతాపములు లేక, సమగ్రముగా చర్చింతురు గాక యనియు పరమేశ్వరుని ప్రార్థించుచు విరమించుచున్నాము.