మూగవోయిన డిస్కు యంత్రము

1982 అక్టోబరు 1వ తేదీన జపానులో సోనీ సంస్థవారి సీడీపీ-101 విక్రయమునకు వచ్చినది. వెల 1,68,000 యెన్లు. అంతకు ముందే, ఆగస్టులో, జర్మనీలోని లాంగెన్‌హాగెన్ పట్టణమున పాలీగ్రామ్ కర్మాగారము డిస్కులను అచ్చొత్త నారంభించినది. 1983లో ఐరోపా విపణిని ఫిలిప్స్ వారి సీడీ-100 ప్రవేశించినది. గ్రామఫోను ముల్లు పాడిన కొలదియు గాడిని అరగదీయును. ఇచట డిస్కును తాకునది లేసరు కాంతి యొక్కటే. కావున ఈ నాదము శాశ్వతమని ప్రకటనలు చాటినవి. మనమును నమ్మితిమి.

కాంతి డిస్కును అరగదీయదన్న మాట నిజమే. కాని ఆ కాంతిని మోయు బండి నడచునది గ్రీజు పూసిన కమ్మీలపైన. డిస్కు పళ్ళెరమును లోనికి లాగునది పెక్కు యంత్రములలో ఒక రబ్బరు బెల్టు. నలువది యేండ్లకు గ్రీజు గట్టిపడును, రబ్బరు సాగిపోవును.

మా యింట 1980ల నాటి యంత్రమొకటి యుండెడిది. ఒకనాడు అది డిస్కును త్రిప్పుట మానినది. మోటారు కాలెనని మేము తలచితిమి. మరమ్మతుదారు డొకడు మూత విప్పి, లేసరు బలమును పెంచు చిన్న మరను కొంచెము త్రిప్పగా, యంత్రము వెంటనే పాడినది! ఆ సంతోషము నెల దినములు నిలువలేదు. మితిమీరిన విద్యుత్తునకు లేసరు క్షీణించి, యంత్రము శాశ్వతముగా మూగవోయినది.

అసలు లోపము మాకు తరువాత తెలిసినది. ఈ యంత్రములలో అనేకము, కటకము డిస్కుపై దృష్టి నిలుపుకొన్న పిమ్మటనే మోటారును త్రిప్పును. కటకముపై దుమ్ము పేరినచో దృష్టి కుదరదు, డిస్కు కదలదు. నిందమాత్రము మోటారుపై బడును. దూదికి ఐసోప్రొపైల్ ఆల్కహాలు అద్ది మెల్లగా తుడిచియుండిన చాలెడిది. (ప్లగ్గు ఊడదీసిన పిదపనే సుమా! ఆ కాంతి 780 నానోమీటర్లది, కంటికి దాదాపు కనబడదు. కన్నును మాత్రము చెరచగలదు.)

పాట తడబడు చోటును బట్టియు రోగమును ఊహింపవచ్చును. డిస్కును లోపలి అంచునుండి వెలుపలికి చదువుదురు. మొదట నిమిషమునకు దాదాపు 500 చుట్లు, చివరకు 200. కావున మొదటి పాటలే తడబడి కడపటివి చక్కగా వచ్చినచో, వేగమందుకొనలేని ముసలి మోటారును శంకింపవలెను. నడుమ ఒకేచోట ఏ డిస్కైనను చిక్కుకొనినచో కమ్మీలపై ఎండిన గ్రీజును తుడిచి క్రొత్తది పూయవలెను. పళ్ళెరము తెరువరానిచో బెల్టును చూడవలెను. లేసరు మరను కొలత పరికరము లేనివారు ముట్టరాదు.

మా పాత యంత్రమును మేము పారవేయలేదు. అదే నమూనాది మరియొకటి దొరకినపుడు దాని కటకమును తుడిచి, మూగ యంత్రపు మోటారును దీనికి అమర్చితిమి. ఇప్పుడు మొదటి పాట మొదటినుండియే వినవచ్చుచున్నది.