అటక దించిన స్కూబా సామగ్రి.. పరీక్షించాకే సముద్రంలోకి

బారువ (సోంపేట): వందేళ్లకు పైబడి శ్రీకాకుళం జిల్లా బారువ తీరానికి ఆవల సాగరగర్భంలో ‘చిల్కా’ నౌక శకలాలు ఉన్నాయి. విజయనగరం జిల్లా చింతపల్లి దీపస్తంభం నావికులను హెచ్చరించే రాళ్లూ నీటి మాటునే దాగి ఉన్నాయి. వీటిపై ఆసక్తితో, విశాఖ రుషికొండలో శిక్షణ పొంది సొంతంగా స్కూబా పరికరాలు సమకూర్చుకున్న వారు కొన్నేళ్ల విరామం తర్వాత వాటిని మళ్లీ బయటకు తీయవచ్చు. పైకి నిగనిగలాడుతున్నంత మాత్రాన అవి పనికివచ్చినట్లు కాదు. నీటి అడుగున ఊపిరి వాటిపైనే ఆధారపడి ఉంటుంది.

ముందుగా సిలిండరు

నిండు సిలిండరులో గాలి పీడనం సుమారు 200 బార్లు. కారు టైరులోని పీడనానికి ఇది దాదాపు 90 రెట్లు. ఏళ్ల తరబడి నిలిచిన గాలిని ఎట్టి పరిస్థితుల్లోనూ పీల్చరాదు. ఉక్కు సిలిండరులో తేమ చేరితే, తుప్పు పట్టే క్రమంలో లోపలి ఆక్సిజన్ తగ్గిపోతుంది. రంగులోగాని, వాసనలోగాని తేడా తెలియదు. పీల్చిన వారు ఉన్నట్టుండి స్పృహ కోల్పోతారు.

సిలిండరు మెడపై తయారీ వివరాలు, పరీక్ష తేదీ చెక్కి ఉంటాయి. లోపలి భాగాన్ని ఏడాదికోసారి పరిశీలించడం, సాధారణంగా అయిదేళ్లకోసారి నీటి పీడన పరీక్ష జరపడం పలు దేశాల్లో ఆనవాయితీ. మన దేశంలో 2016 నాటి గ్యాస్ సిలిండర్ల నిబంధనల ప్రకారం, గడువు దాటిన సిలిండరును తిరిగి పరీక్షించకుండా నింపకూడదు. ‘పెసో’ గుర్తింపు పొందిన కేంద్రాల్లోనే ఈ పరీక్ష చేయించాలి. 1990కి ముందు తయారైన కొన్ని అల్యూమినియం సిలిండర్లలో 6351 రకం మిశ్రమలోహం వాడారు. వాటికి మెడ వద్ద పగుళ్లు ఏర్పడే స్వభావం ఉన్నందున పక్కన పెట్టడమే మేలు.

రెగ్యులేటరు గుట్టు వడపోతలో

సిలిండరులోని గాలిని రెగ్యులేటరు తొలి దశలో సుమారు 10 బార్లకు తగ్గిస్తుంది. మలి దశలో చుట్టూ ఉన్న నీటి పీడనానికి సరిపోయేలా నోటికి అందిస్తుంది. గాలి ప్రవేశించే చోట ఉండే చిన్న వడపోత జాలీని గమనించాలి. అది ఆకుపచ్చగా మారితే లోపలి ఇత్తడి భాగాలకు ఉప్పునీరు తగిలినట్లు, ఎర్రగా మారితే సిలిండరులో తుప్పు ఉన్నట్లు భావించాలి.

రబ్బరు వలయాలు, పొర, కవాటపు సీటు కాలక్రమేణా గట్టిపడి పగులుతాయి. ఇంట్లో విప్పి బిగించే పని కాదిది. తయారీ సంస్థ శిక్షణ పొందిన నిపుణుడే అసలు విడిభాగాలతో మార్చాలి. విడిభాగాల తయారీ నిలిచిపోయిన నమూనా అయితే దానిపై ఆశ వదులుకోవాలి. గొట్టాలను వంచినప్పుడు పగుళ్లు కనిపిస్తే వెంటనే మార్చాలి.

రాత్రంతా గాలితో

నీటిలో తేలియాడే స్థితిని అదుపుచేసే జాకెట్టును గాలితో నింపి రాత్రంతా ఉంచాలి. తెల్లవారేసరికి మెత్తబడితే ఎక్కడో కారుతున్నట్లే. లోపల గడ్డకట్టిన ఉప్పును మంచినీటితో కడగాలి. గాలి నింపే మీట నొక్కి వదిలాక బిగుసుకుపోతే, జాకెట్టు తనంతట తానే నిండి మనిషిని ఒక్కసారిగా పైకి విసురుతుంది. అలా వేగంగా పైకి రావడం ఊపిరితిత్తులకు ప్రాణాంతకం.

చివరి మెట్టు

మరమ్మతులు పూర్తయ్యాక సముద్రానికి ముందు ఈతకొలనులో, శిక్షకుని సమక్షంలో పరీక్షించాలి. 30 మీటర్ల లోతున పీడనం ఉపరితలంలో కంటే నాలుగు రెట్లు. గాలి ఖర్చూ అదే నిష్పత్తిలో పెరుగుతుంది. ఒడ్డున చిన్నదిగా కనిపించిన లోపం అక్కడ ఆలోచించే వ్యవధి ఇవ్వదు. చాలాకాలం నీటిలోకి దిగని వారు తమకూ వైద్యపరీక్ష చేయించుకుని, శిక్షణను పునశ్చరణ చేసుకోవాలి. ప్రతిసారీ పరికరాలను మంచినీటితో కడిగి నీడన ఆరబెడితే మళ్లీ ఈ ఇబ్బంది తలెత్తదు.